వచ్చే వారం రండి అనడం మానేశాను

ఒడిశాలోని పర్లాకిమిడిలో కౌన్సెలింగ్ మొదలుపెట్టిన కొత్తలో నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మొదటి గంటంతా ఫారం నింపడమే. చిన్నతనం, పెళ్లి, పాత జబ్బులు అన్నీ రాసుకుని, "అసలు విషయం వచ్చే వారం మాట్లాడుకుందాం" అని పంపేసేదాన్ని. గుణుపురం నుంచి ఒకరోజు కూలి మానుకుని వచ్చిన మనిషి మళ్లీ ఎందుకొస్తాడు? రాకపోతే వీళ్లకి పట్టింపు లేదని నేనే విసుక్కునేదాన్ని, అదొకటి.

తర్వాత తెలిసింది, ఇది మన ఊరి గొడవ కాదని. 1980ల్లో కాలిఫోర్నియాలో మోషే టాల్మన్ అనే సైకాలజిస్టు, ఒక్కసారే వచ్చి మానేసిన 200 మందికి ఫోన్ చేసి అడిగితే 78 శాతం మంది మాకు కావాల్సింది దొరికిందనే అన్నారట.

అందుకే ఇప్పుడు కూర్చోగానే అడిగేస్తాను: "ఇవాళ ఏం తేలితే మీ రానూపోనూ ఛార్జీలు గిట్టినట్టు?"

మొన్న కాశీనగరం వైపు నుంచి ఒకావిడ వచ్చింది (వివరాలు కొంచెం మార్చాను). కొడుకు సూరత్‌లో మగ్గాల పని, రాత్రి ఫోన్ రాకపోతే ఈవిడకి దడ, నిద్ర లేదు. "నిద్దరొస్తే చాలు తల్లీ" అంది. ఈ వారంలో పట్టిన రాత్రి ఒక్కటైనా ఉందా పిన్నీ అంటే, చాలాసేపు చీర కొంగు మెలిపెడుతూ కూర్చుని, "నచ్చివారం (గురువారం). మా తోటికోడలు వచ్చి పడుకుంది" అంది. అదిగో, మందు ఆవిడ దగ్గరే ఉంది! తోటికోడల్ని వారానికి రెండు రాత్రులు పిలవడం, కొడుకు డ్యూటీ ఎక్కేముందే వాయిస్ మెసేజ్ పెట్టడం, ఈ రెండే అనుకున్నాం. నేను సలహా ఇవ్వబోయిన మూడోది ప్రాణాయామం, ఆవిడ మొహం చూసి మింగేశాను.

అందరికీ ఒక్కసారితో సరిపోదు. చచ్చిపోవాలనిపిస్తోందన్నా, ఇంట్లో కొడుతున్నారన్నా ఆ రోజుతో వదిలేయను, బరంపురంలో డాక్టరు దగ్గరికి నేనే మాట్లాడి పంపుతాను. మనసు బాగోకపోతే ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416 మాత్రం అందరికీ ఇస్తాను, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

వెళ్లేముందు అనుకున్నవి చీటీ మీద రాసిచ్చాను. ఆవిడ తిప్పి చూసి నవ్వింది. ఇంట్లో మాట తెలుగే అయినా చదివింది ఒడియా బడిలో కదా. చీటీ తీసుకుని ఒడియాలో మళ్లీ రాశాను.