అత్తయ్య మామయ్యతో ఏంజెల్ ఐలాండ్ ట్రిప్: నీళ్ళు చూసి రోజు పెట్టుకున్నాం

ఏప్రిల్‌లో జరిగింది ముందు రాసేస్తాను, ఎందుకంటే ఈసారి ప్లాన్ అంతా దాని మీదే కట్టుకున్నాను. అప్పుడు మా ఆఫీస్ వాళ్ళు నలుగుర్ని మధ్యాహ్నం ఒంటిగంటకి బర్క్‌లీ నుంచి తెరచాప బోట్‌లో తీసుకెళ్ళాను, ఎండ బాగుంది, గాలి కూడా బాగుంది, ఇంకేం కావాలి అనుకున్నా. అది చైత్ర పౌర్ణమికి ఒకరోజు అటూ ఇటూ. శాన్ ఫ్రాన్సిస్కో బేలో, అంటే ఏంజెల్ ఐలాండ్ ఉన్న ఈ ఖాతంలో, పౌర్ణమి అమావాస్యలకి హై టైడ్ (నీళ్ళు పూర్తిగా ఎక్కే టైమ్) ఇంచుమించు మధ్యాహ్నం వస్తుంది, ఆ తర్వాత నీళ్ళన్నీ గోల్డెన్ గేట్ (బే సముద్రంలో కలిసే ఇరుకు ద్వారం) గుండా సముద్రంలోకి పరిగెడతాయి, సరిగ్గా అదే టైమ్‌కి సముద్రం మీంచి పడమటి గాలి లోపలికి దూసుకొస్తుంది. నీళ్ళు ఒకవైపు, గాలి ఎదురువైపు. అల పెద్దదేం కాదు, కానీ నిటారుగా, ఒకదాని వెనక ఒకటి గ్యాప్ లేకుండా వస్తుంది, ఆల్కట్రాజ్ దగ్గర బోట్ ముక్కు కొట్టుకుంటూనే ఉంది. ఇద్దరు వాంతులు చేసుకున్నారు. వెనక్కి తిరిగాక బోట్ ఆరు నాట్స్‌లో (నాట్ అంటే పడవల స్పీడ్ కొలత) వెళ్తుంటే ఎదురు కరెంట్, అంటే నీటి ప్రవాహం, మూడు నాట్స్, అంటే మేం నిజంగా కదిలింది మూడు. గంటలో అయిపోవాల్సింది రెండు గంటలు పట్టింది. ఆ నలుగురిలో మళ్ళీ వస్తామన్న వాళ్ళు ఎవరూ లేరు, నాకు చాలా బాధేసింది, తప్పు పూర్తిగా నాదే.

అందుకని ఈసారి అత్తయ్య, మామయ్య నర్సాపురం నుంచి వచ్చినప్పుడు వాళ్ళని బోట్ ఎక్కించాలంటే ముందు నీళ్ళు చూడాలి, తర్వాతే రోజు అని గట్టిగా అనుకున్నా.

మూడు వారాల ముందు

అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా సైట్‌లో టైడ్ టేబుల్, కరెంట్ టేబుల్ రెండూ తీసి పక్కపక్కన పెట్టుకున్నా. కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళకి ఒకటి గట్టిగా చెప్తాను, టైడ్ టేబుల్ చెప్పేది నీటి ఎత్తు, కరెంట్ టేబుల్ చెప్పేది నీటి పరుగు, ఈ రెండూ ఒకే టైమ్‌కి మారవు. గేట్ దగ్గర లో టైడ్ అయిపోయాక కూడా నీళ్ళు ఇంకో గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే బయటికి పోతూనే ఉంటాయి. లోతు కోసం మొదటిది చూడాలి, బయల్దేరే టైమ్ కోసం రెండోది. నేను మొదటి ఏడాదంతా ఎత్తు టేబుల్ ఒక్కటే చూసి తిరిగాను.

మామయ్య పక్కన కూర్చుని అంతా చూసి, ఇది మాకు తెలిసిందేగా, పోటు, పాటు అన్నారు (నీళ్ళు ఎక్కడం పోటు, దిగడం పాటు). ఆయన చిన్నప్పుడు అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరిలో పడవల వాళ్ళు పోటు కోసం ఆగి, పోటు ఎక్కుతుంటే నర్సాపురం వైపు వచ్చేవాళ్ళట, తెడ్డు వేసే పని సగం తగ్గేదట. అష్టమికి పోటు బలంగా ఉండదు అని కూడా ఆయనే చెప్పారు. చంద్రుడు సగం ఉన్న రోజుల్లో నీళ్ళ జోరు తగ్గుతుంది, ఇంగ్లీష్‌లో నీప్ టైడ్ అనేది అదే. నేను రెండేళ్ళు తంటాలు పడి నేర్చుకున్నది ఆయన క్యాలెండర్‌లో తిథి చూసి చెప్పేశారు. అప్పట్నుంచి మా ఫ్రిజ్ మీదున్న తెలుగు క్యాలెండర్ కూడా ప్లానింగ్‌లో చేరింది.

ఇక్కడ ఇంకో మంచి సంగతి ఉంది. సప్తమి, అష్టమి రోజుల్లో లో టైడ్ పొద్దున పదకొండు, పన్నెండు మధ్య పడుతుంది, అంటే మధ్యాహ్నమంతా నీళ్ళు లోపలికే వస్తాయి, గాలీ లోపలికే వస్తుంది. రెండూ ఒకే దిక్కు కాబట్టి అల చదునుగా ఉంటుంది. ఒక వీకెండ్ పౌర్ణమి పడితే దాని ముందుదీ తర్వాతదీ దాదాపు అష్టమి దగ్గర పడతాయి, కాబట్టి గెస్ట్‌లని వారం విడిచి వారం తీసుకెళ్తే చాలు.

కానీ అత్తయ్య అష్టమి నాడు ప్రయాణమేంటి బాబూ అన్నారు. క్యాలెండర్ మళ్ళీ చూస్తే ఆదివారం అష్టమి, శనివారం సప్తమి. వినాయక చవితి బుధవారం. సప్తమి శనివారం ఖాయం చేశాం, టేబుల్‌లో కూడా ఆ రోజు నాకు ఇంకా బాగా కుదిరింది. లో టైడ్ 11:20కి 2.2 అడుగులు, హై టైడ్ 5:35కి 5.2 అడుగులు, గేట్ దగ్గర నీళ్ళు తిరిగేది పన్నెండున్నర ప్రాంతంలో.

ఒక వారం ముందు

నేనూ మా ఆవిడా ఇద్దరమే వెళ్ళి దారి చూసొచ్చాం. క్లబ్ బోట్, 32 అడుగులు, నీటి కింద అయిదడుగులు ఉంటుంది. బర్క్‌లీ మెరీనా ద్వారం దగ్గర మట్టి పేరుకుని లోతు తక్కువ, అందుకే లో టైడ్ ఎంత ఎత్తులో ఉందన్నది నాకు ముఖ్యం, 2.2 అంటే చార్ట్‌లో వేసిన లోతు మీద ఇంకో రెండడుగులు ఉన్నట్టు. మైనస్ టైడ్ రోజైతే, అంటే నీళ్ళు చార్ట్ లోతుకన్నా కిందికి దిగే రోజైతే, ఈ బోట్‌తో పొద్దున బయటికి రాను.

బర్క్‌లీ నుంచి ఏంజెల్ ఐలాండ్ అయాలా కోవ్‌కి ఆరు మైళ్ళ లోపే. పాత బర్క్‌లీ పియర్ (నీళ్ళలోకి కట్టిన పొడవాటి వంతెన) విరిగిన స్తంభాలు పడమటికి చాలా దూరం ఉంటాయి, వాటికి ఉత్తరంగానే ఉండాలి. సౌతాంప్టన్ షోల్ (లోతు తక్కువున్న మెట్ట) దాటాక రిచ్‌మండ్ వెళ్ళే ట్యాంకర్ల దారి అడ్డం వస్తుంది, అక్కడ మనది తెరచాప బోట్ అయినా సరే దారి వాళ్ళదే, రేడియోలో ఓడల రాకపోకలు చెప్పే ఛానల్ 14 పెట్టుకుని వింటే ఎవరు వస్తున్నారో ముందే తెలుస్తుంది. మేం ఒక ట్యాంకర్ కోసం పది నిమిషాలు ఆగాం. ఆ పది నిమిషాలు కూడా ప్లాన్‌లో కలిపేశాను.

రాత్రి అయాలా కోవ్‌లోనే బోయాకి (బోట్ కట్టుకోవడానికి నీళ్ళ మీద తేలే బుంగ) కట్టి ఉందామని మొదట అనుకున్నాం, చూశాక వద్దనుకున్నాం. అక్కడ ముందూ వెనకా రెండు బోయాలకి కట్టాలి, పక్కనుంచి నీళ్ళు తోస్తుంటే అది ఇద్దరికి చేతినిండా పని, అలాంటప్పుడు అరవై దాటిన వాళ్ళూ చిన్నపిల్లా డెక్ మీద ఉండటం నాకు నచ్చలేదు. డాక్‌లో పగటి పూట కట్టుకుని వచ్చేయడమే మంచిది.

శుక్రవారం రాత్రి

మొత్తం ఆరుగురం: మేమిద్దరం, అత్తయ్య, మామయ్య, ఒక ఫ్రెండ్, వాళ్ళ తొమ్మిదేళ్ళ పాప. అందరికీ వాట్సాప్‌లో పెట్టింది ఇది. వాంతుల మాత్ర బోట్ ఎక్కాక వేసుకుంటే లాభం లేదు, ముందే వేసుకోవాలి, బీపీ షుగర్ మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడిగి మరీ వేసుకోవాలి. పొద్దున రెండు ఇడ్లీ చాలు, పూరీ వద్దు, అలా అని ఖాళీ కడుపుతో అసలు రావద్దు. చీర బదులు చుడీదార్, మెత్తటి అడుగున్న బూట్లు, ఒంటి మీద మూడు పొరలు, బేలో నీళ్ళు ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటాయి. లైఫ్ జాకెట్ డాక్ మీదే వేసుకోవాలి, పాపకి ఆమె సైజుదే తెచ్చాం, పెద్దవాళ్ళది బిగించి సరిపెట్టలేదు.

శనివారం

9:45 అనుకున్నాం, 10:20కి కదిలాం. ప్లాన్‌లో అరగంట వదిలిపెట్టే ఉంచాను కాబట్టి కంగారు పడలేదు. డాక్ వదలకముందే మెయిన్‌సెయిల్‌కి (పెద్ద తెరచాప) ఒక రీఫ్ కట్టేశాను, అంటే కొంత మడిచి చిన్నది చేశాను, గాలి అయిదు నాట్సే ఉంది, అయినా సరే కట్టాను. బూమ్ (పెద్ద తెరచాప కింది అడ్డకర్ర) చూపించి అది అటూ ఇటూ తిరుగుతుంది, నేను తల అంటే అందరూ వంగాలి అని నాలుగుసార్లు ప్రాక్టీస్ చేయించాను. పాప అందరికన్నా బాగా చేసింది.

గాలి లేదు కాబట్టి ఇంజన్ మీదే వెళ్ళాం. పాటు చివర్లో ఉంది, బోట్‌ని గేట్ వైపు అంటే ఎడమకి లాగుతోంది, అందుకని ముక్కు కావాలని కొంచెం ఉత్తరానికి పెట్టి నడిపాను. మామయ్య అది వెంటనే పట్టుకున్నారు, రేవు దాటేటప్పుడు మేమూ పైకి పట్టే పోయేవాళ్ళం అన్నారు. తర్వాత అరగంట స్టీరింగ్ ఆయన చేతుల్లోనే ఉంది. ఐలాండ్ పక్కనున్న ఇరుకు జలసంధి రకూన్ స్ట్రెయిట్‌లోకి వెళ్ళగానే నీళ్ళే మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళాయి, 11:45కి డాక్‌కి కట్టేశాం, కరెంట్ దాదాపు ఆగిపోయిన టైమ్ కాబట్టి కట్టడం తేలికైంది. ఫెర్రీ వచ్చినప్పుడు మాత్రం డాక్ మొత్తం ఊగుతుంది, ఆ టైమ్‌లో ఎవర్నీ దింపకూడదు.

పులిహోర, పెరుగన్నం తిన్నాం. పాత ఇమ్మిగ్రేషన్ స్టేషన్ అక్కడికి మైలున్నర నడక, 1910 నుంచి 1940 దాకా పసిఫిక్ దాటి వచ్చిన వాళ్ళని అక్కడ ఆపి ఉంచేవాళ్ళు, చైనా వాళ్ళు గోడల మీద చెక్కిన పద్యాలు ఇంకా ఉన్నాయి. నడక అత్తయ్య మోకాళ్ళకి ఎక్కువవుతుందని ఈసారి వెళ్ళలేదు.

2:30కి బయల్దేరాలి అని ముందే చెప్పాను, 2:35కి వదిలాం. స్ట్రెయిట్ దాటి బయటికి రాగానే గాలి 16 నాట్స్. మెయిన్‌సెయిల్ దించేసి ముందుండే తెరచాప జిబ్ ఒక్కదాంతోనే వచ్చాం, గాలి వెనకనుంచి వస్తున్నప్పుడు కొత్తవాళ్ళ తలల మీద బూమ్ ఒక్కసారి అటునుంచి ఇటు కొడితే చాలా ప్రమాదం, నాకు ఆ స్పీడ్ అక్కర్లేదు. పోటు ఎలాగూ ఒక నాట్ కలుపుతోంది, ఈసారి ఉత్తరానికి తోస్తోంది కాబట్టి ముక్కు కొంచెం దక్షిణానికి. ఏప్రిల్‌లో కూడా గాలి ఇంతే ఉంది, కానీ ఈ రోజు నీళ్ళు నున్నగా ఉన్నాయి, అత్తయ్య ఫ్లాస్క్ తీసి అందరికీ టీ పోశారు, ఒక్క చుక్క ఒలకలేదు. నాకు ఆ టీ చూసి కళ్ళు చెమర్చాయి.

3:50కి మెరీనా లోపల ఉన్నాం. నీరు ఎక్కుతోంది కాబట్టి ద్వారం దగ్గర పొద్దుటికన్నా రెండడుగులు ఎక్కువే చూపించింది.

తర్వాత

వచ్చేసారికి మార్చేవి రెండే. అత్తయ్య డెక్ మీంచి డాక్ మీదకి దిగడానికి ఇబ్బంది పడ్డారు, చిన్న మడత స్టూల్ కొన్నాను. పాపకి మధ్యలో బోర్ కొట్టింది, ఈసారి ఆమెకి టైమ్, దిక్కు, స్పీడ్ రాసే పని ఇస్తాను. అక్టోబర్‌లో వాళ్ళు వెళ్ళేలోపు ఇంకో అష్టమి వీకెండ్ ఉంది. మామయ్య ఇప్పటికే క్యాలెండర్‌లో దాని చుట్టూ పెన్నుతో గీశారు, పక్కన నీళ్ళు తిరిగే టైమ్ నన్ను అడిగి రాసుకున్నారు.