అమెరికాలో ట్రాఫిక్ టికెట్‌కి లాయర్ని పెట్టాలా, కట్టేసి ఊరుకోవాలా?

హైదరాబాద్‌లో చలానా అంటే ఒక ఫొటో, ఒక మెసేజ్. అది బండి నంబరు మీద పడుతుంది. నడిపింది తమ్ముడా, పక్కింటాయనా అని ఎవరూ అడగరు. వెంటనే కట్టకపోయినా కొంపలేం మునగవు. 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరు చివర్లో ఇంకోసారి పెండింగ్ చలానాల మీద ప్రభుత్వమే రాయితీ ఇచ్చింది. రెండోసారి టూవీలర్లకి 80 శాతం, కార్లకి 60 శాతం మాఫీ. దాంతో "మళ్ళీ ఆఫర్ పెడతారులే" అని ఆగడం ఊరి అలవాటైపోయింది. అమెరికా వెళ్ళేవాళ్ళు ఆ అలవాటుని శంషాబాద్‌లోనే వదిలేసి విమానం ఎక్కాలి.

అక్కడ పోలీసు కారు ఆపి రాసిచ్చే టికెట్ మనిషి మీద పెట్టిన కేసు. ఆన్‌లైన్లో డబ్బు కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమే, లేదా వాదించనని చెప్పడం. దాంతో జరిమానా తీరుతుంది గానీ పాయింట్లు, అంటే తప్పుల లెక్క, లైసెన్సు రికార్డుకెక్కుతాయి, ఇన్సూరెన్స్ ప్రీమియం కొన్నేళ్ళపాటు పెరగొచ్చు. కట్టకుండా, కోర్టుకీ వెళ్ళకుండా ఊరుకుంటే లైసెన్సు సస్పెండ్ కావచ్చు, వారెంటూ రావచ్చు. మన చలానాకి దగ్గరగా ఉండేది కెమెరా టికెట్ ఒక్కటే. చాలా రాష్ట్రాల్లో అది బండి ఓనరుకే వస్తుంది, పాయింట్లుండవు. కాలిఫోర్నియాలో రెడ్‌లైట్ కెమెరా టికెట్‌కి మాత్రం పాయింటు పడొచ్చు. పాయింట్లు లేని కెమెరా టికెట్‌కి లాయర్ని వెతకడం దండగ.

ముందు కాగితం చదవాలి. ఏ సెక్షన్ కింద రాశారు, స్పీడ్ లిమిట్ ఎంత, మీ వేగం ఎంత వేశారు, ఏ కోర్టు, ఏ తేదీ, డబ్బు కట్టి వదిలించుకోవచ్చా లేక కోర్టుకి రావడం తప్పనిసరా. ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. హాజరు తప్పనిసరి అని ఉంటే అది మామూలు టికెట్ కాదని అర్థం.

తర్వాత లెక్క. జరిమానా, కోర్టు ఖర్చులు కలిపి 220 డాలర్లు అనుకుందాం. ప్రీమియం నెలకి 30 పెరిగితే మూడేళ్ళలో 1,080. మొత్తం 1,300. లాయరు ఫీజు 350, తగ్గించిన కేసు మీద కట్టాల్సింది 200 అయితే 550తో పోతుంది. అదే ప్రీమియం నెలకి 8 డాలర్లే పెరిగేట్టయితే మూడేళ్ళకి 288, జరిమానాతో కలిపి 508. అప్పుడు లాయర్ని పెట్టినవాడికే నష్టం. చాలామంది జరిమానాని ఫీజుతో పోల్చి "350 పెట్టి 220 మిగుల్చుకోవడమేంటి" అంటారు. పోల్చాల్సింది ఆ రెంటినీ కాదు. భార్యాభర్తల కార్లు రెండూ ఒకే పాలసీలో ఉంటే పెంపు ఎంతో ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

లాయరు లేకుండానే తేలిపోయే కేసులు చాలా ఉన్నాయి. టెక్సాస్‌లో లిమిట్ మీద గంటకి 25 మైళ్ళ కన్నా తక్కువ ఎక్కువై, వేగం 95 చేరకుండా దొరికితే, గత 12 నెలల్లో ఈ అవకాశం వాడుకోకపోతే, డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చేసి కేసు కొట్టేయించుకోవచ్చు. ఆరు గంటల కోర్సు, ఆన్‌లైన్లోనే. అయితే టికెట్ మీదున్న తేదీ లోపల కోర్టుని అడగాలి. ఆ తర్వాత 90 రోజుల్లో సర్టిఫికెట్‌తో పాటు 3ఏ రకం డ్రైవింగ్ రికార్డూ (రాష్ట్రం ధ్రువీకరించి ఇచ్చే కాపీ) ఇవ్వాలి. కోర్సు చేసేసి ఈ రికార్డు తెప్పించడం మర్చిపోయేవాళ్ళున్నారు. పైగా దీనికి టెక్సాస్ లైసెన్సు కావాలి. ఖైరతాబాద్ ఆర్టీఏలో తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్ మీద నడుపుతున్న విద్యార్థికి ఈ దారి మూసుకుపోయినట్టే. కాలిఫోర్నియాలో పాయింటు తప్పించుకోవడానికి 18 నెలలకోసారి ట్రాఫిక్ స్కూలు ఉంది. లేదా కోర్టుకి వెళ్ళకుండా రాతపూర్వకంగానే వాదించుకోవచ్చు. డబ్బు ముందే డిపాజిట్ చేయాలి, గెలిస్తే తిరిగిస్తారు. ఓడితే 20 రోజుల్లో మళ్ళీ మామూలు విచారణ కోరొచ్చు.

న్యూజెర్సీ సంగతి వేరు. లిమిట్ మీద 14 మైళ్ళ దాకా 2 పాయింట్లు, 15 నుంచి 29 దాకా 4, ఆపైన 5. అక్కడ ఎక్కువగా జరిగేది బేరం. మునిసిపల్ ప్రాసిక్యూటర్‌తో (ప్రభుత్వం తరఫు లాయరుతో) మాట్లాడి స్పీడింగ్‌ని 'అన్‌సేఫ్ డ్రైవింగ్' కిందకి మార్పిస్తారు. పాయింట్లు సున్నా, కానీ జరిమానాకి తోడు 250 డాలర్ల సర్‌చార్జి. అంటే ఇది డబ్బిచ్చి పాయింట్లు వదిలించుకోవడం. 2 పాయింట్ల టికెట్‌కి, అదీ మొదటిసారైతే, ఈ బేరానికి లాయరు అక్కర్లేదు. మర్యాదగా అడిగితే ప్రాసిక్యూటరే చెప్తారు. ఇప్పటికే పాయింట్లున్నా, యాక్సిడెంట్ జరిగినా అప్పుడు లాయరు మాట్లాడితేనే మంచిది. న్యూయార్క్ నగరంలో ట్రాఫిక్ వయొలేషన్స్ బ్యూరోకి వెళ్ళే టికెట్లకి ఈ బేరమే లేదు. అయితే గెలుపు, లేదంటే ఓటమి.

ఇక మీనమేషాలు లెక్కపెట్టకుండా లాయర్ని పెట్టాల్సిన చోటు వర్జీనియా. లిమిట్ మీద 20 మైళ్ళు ఎక్కువైనా, లిమిట్‌తో పనిలేకుండా 85 దాటినా అది 'రెక్‌లెస్ డ్రైవింగ్'. 2020 జూలై దాకా ఆ గీత 80 దగ్గరే ఉండేది. 55 రోడ్డులో 75 వెళ్తే రెక్‌లెస్. 70 ఉన్న హైవేలో 86 వెళ్తే, ఎక్కువ వెళ్ళింది 16 మైళ్ళే అయినా, అదీ రెక్‌లెస్సే. క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ కేసు. గరిష్ఠంగా ఏడాది జైలు, 2,500 డాలర్ల జరిమానా, డీఎంవీ (లైసెన్సులిచ్చే శాఖ) రికార్డులో 11 ఏళ్ళు. న్యూజెర్సీ నుంచి షార్లట్‌కి ఫ్రెండ్స్‌తో కార్లో బయల్దేరినవాళ్ళు మధ్యలో ఇక్కడ దొరుకుతారు. చేతికొచ్చేది మామూలు టికెట్‌లాంటి కాగితమే కాబట్టి కేసు బరువు తెలియదు. లాయరు చేసే పని ఇలా ఉంటుంది: స్పీడోమీటర్ కాలిబ్రేషన్ చేయించమంటాడు. మీటరు తక్కువ చూపిస్తోందని తేలితే అది పనికొస్తుంది. కోర్టు డేట్ రాకముందే 8 గంటల డ్రైవర్ ఇంప్రూవ్‌మెంట్ క్లాసు పూర్తి చేయమంటాడు. సొంత రాష్ట్రం నుంచి డ్రైవింగ్ రికార్డు తెప్పిస్తాడు. ఇవన్నీ చూపించి 'ఇంప్రాపర్ డ్రైవింగ్'కో మామూలు స్పీడింగ్‌కో దించమని అడుగుతాడు. అలా దిగితే అది క్రిమినల్ నేరం కాదు.

వీసా మీదున్నవాళ్ళకి ఆ తేడానే ప్రాణం. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఏ నేరానికైనా శిక్ష పడిందా అని అడుగుతుంది. మామూలు స్పీడింగ్ టికెట్ అరెస్టు కాదు. కానీ రెక్‌లెస్‌లో దోషిగా తేలితే అక్కడ 'అవును' అని రాయాల్సిందే. సిటిజన్‌షిప్ ఫారమైతే పోలీసులు ఎప్పుడైనా టికెట్ ఇచ్చారా అని కూడా అడుగుతుంది. అరెస్టు లేకుండా, మందు, డ్రగ్స్ సంబంధం లేకుండా, జరిమానా 500 డాలర్లలోపైతే పత్రాలు జతచేయక్కర్లేదు, జవాబు మాత్రం నిజం చెప్పాలి. ఇంకో చిక్కుంది. తప్పు ఒప్పుకుని, కొన్నాళ్ళు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేసే ఏర్పాటు చాలా రాష్ట్రాల్లో ఉంది. రాష్ట్రం లెక్కలో కేసు పోయినా, ఒప్పుకోలూ ఏదో ఒక శిక్షా రెండూ ఉంటే ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని శిక్ష పడినట్టే చూడొచ్చు. ట్రాఫిక్ లాయర్లందరికీ ఇది తెలియదు. అందుకే మిస్‌డిమీనర్ అన్న మాట కనిపించగానే, సంతకం పెట్టేలోపు ఇమ్మిగ్రేషన్ లాయరుతోనూ ఒక గంట మాట్లాడాలి.

మందు తాగి నడిపిన కేసులో శిక్షదాకా కూడా ఆగరు. అరెస్టు మీదే వీసా రద్దు చేయొచ్చు. ఆ తర్వాత ఇండియాకి వీసా స్టాంపింగ్‌కి వస్తే కాన్సులేట్ గుర్తింపు పొందిన డాక్టరు దగ్గరికి పంపుతారు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (ప్రభుత్వం దగ్గరుండే విద్యార్థి హోదా నమోదులు) ఉన్నట్టుండి మూసేసినప్పుడు, వాళ్ళలో కొట్టేసిన కేసులవాళ్ళూ చిన్న ట్రాఫిక్ కేసులవాళ్ళూ ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక అదే నెలాఖర్లో తిరిగి తెరవడం మొదలుపెట్టారు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీదున్నవాళ్ళు "చిన్నదే కదా" అనుకోకపోవడానికి ఆ నెల చాలు.

లాయర్ని ఎంచుకునేటప్పుడు మన ఊరివాడా అని కాదు, ఆ కౌంటీ కోర్టుకి రోజూ వెళ్ళేవాడా అని చూడాలి. టికెట్లు పబ్లిక్ రికార్డు కాబట్టి కొన్ని రాష్ట్రాల్లో వారం తిరక్కుండానే లాయర్ల ఉత్తరాలు ఇంటికొస్తాయి. అవి మోసం కాదు, ప్రకటనలు. "గ్యారంటీగా కొట్టేయిస్తాం" అన్నవాడిని మాత్రం వదిలేయండి. ఫీజు మొత్తానికా, వాయిదా వాయిదాకా? విచారణ దాకా వెళ్తే అదనమా? కోర్టు ఖర్చులు అందులోనేనా? నేను రావాలా? ఏ సెక్షన్‌కి తగ్గించాలని అడుగుతారు? ఇవి ఈమెయిల్లో అడిగి, జవాబూ ఈమెయిల్లోనే తీసుకోవాలి.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే రెండు మాటలు నమ్మొద్దు. పోలీసు రాకపోతే కేసు పోతుందంటారు. చాలాచోట్ల ఒక ఆఫీసరు కేసులన్నీ ఒకే రోజు వేస్తారు కాబట్టి వస్తాడు. రాకపోయినా జడ్జి వాయిదా వేయొచ్చు. పేరు తప్పు పడితే టికెట్ చెల్లదంటారు. ఇంటిపేరు ముందొచ్చే మన పేర్లు సగం తప్పుగానే పడతాయి, కోర్టు దాన్ని సరిచేసి ముందుకెళ్తుంది. అసలు కొంప ముంచేది అడ్రసు. ప్రాజెక్టు మారి ఊరు మారినప్పుడు ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి 10 రోజుల్లో అడ్రసు మార్పు ఫారం ఏఆర్-11 పెడతారు, డీఎంవీలో మాత్రం మార్చరు. కోర్టు నోటీసు పాత అపార్ట్‌మెంటుకి పోతుంది, తెలిసేసరికి వారెంటు.

ఇండియా ప్రయాణం మధ్యలో కోర్టు డేట్ పడితే ముందే వాయిదా అడగొచ్చు, చిన్న కేసులకి చాలా కోర్టుల్లో లాయరే హాజరవుతాడు. మిస్‌డిమీనర్ తేలకుండా మాత్రం స్టాంపింగ్‌కి రావద్దు. 2025 సెప్టెంబరు నుంచి హెచ్-1బీ వాళ్ళకి డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా స్టాంపింగ్) లేదు, ఇంటర్వ్యూకి వెళ్ళాల్సిందే. కేసు ముగిసిన రోజే క్లర్కు దగ్గర సీలున్న తుది ఉత్తర్వు రెండు కాపీలు తీసుకోండి. చిన్న కేసుల ఫైళ్ళని కోర్టులు కొన్నేళ్ళకి తీసేస్తాయి. ఒక కాపీ హెచ్-1బీ ఆమోద పత్రం ఐ-797తో పాటు చేతిసంచిలో ఉండాలి. నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్ కిటికీలో ఆఫీసరు అది అడిగేటప్పటికి హైదరాబాద్‌లో పొద్దున్న పది. వర్జీనియాలో క్లర్కు ఆఫీసు తలుపులు తెరిచేసరికి ఇక్కడ సాయంత్రమైపోతుంది.