ఒక్క థీమ్, నాలుగు సబ్‌డొమైన్లు: లైసెన్స్ లెక్క తేల్చుకున్న నా అనుభవం

తెనాలిలో పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణ సంస్థకి ఆరేళ్లుగా నేనే వెబ్‌సైట్ పని చూస్తున్నాను. దాన్ని నడిపేది రిటైరైన తెలుగు మాష్టారు ఒకాయన. మొదట్లో ఒక్క సైటే ఉండేది. అది వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. దానికి 59 డాలర్లు పెట్టి ఒక థీమ్, అంటే సైటుకి రూపం ఇచ్చే ఫైళ్ల మూట, కొన్నాం. తెలుగు అక్షరాలు అందులో బాగా కుదిరాయి. వత్తులు కింది లైనుకి తగలకుండా, గుడులు పైన తెగిపోకుండా చూసుకోవడానికి నాకు వారం పట్టింది. అందుకే ఆ థీమ్ అంటే నాకు ఇష్టం.

తర్వాత పని పెరిగింది. పుస్తకాల అమ్మకానికి 'అంగడి', టీచర్లకి పాఠాల సామగ్రి ఇవ్వడానికి 'బడి', ఆడియో కథలకి 'కథ' అని మూడు సబ్‌డొమైన్లు, అంటే మా సైటు పేరుకి ముందు ఇంకో మాట చేర్చిన చిరునామాలు, పెడదామన్నారు మాష్టారు. "నాలుగూ ఒకేలా కనపడాలమ్మా. పిల్లలు ఎక్కడికెళ్లినా మనింట్లోనే ఉన్నట్టుండాలి" అన్నారు. డొమైన్ ఒకసారి కొన్నాక సబ్‌డొమైన్లకి వేరే డబ్బు కట్టక్కర్లేదు కదా, థీమ్ కూడా అంతే అనుకున్నాను.

అంగడికి విడిగా వర్డ్‌ప్రెస్ ఎక్కించి, అదే థీమ్ ఫైల్ పెట్టి, కొన్నప్పుడు ఇచ్చిన కీ, అంటే మనం కొన్నామని రుజువు చూపే కోడ్, కొట్టాను. ఈ కీ ఇప్పటికే వేరే డొమైన్‌లో వాడుకలో ఉందని వచ్చింది. ఆ కీని సరిచూసే సర్వర్ సైటు చిరునామా మొత్తాన్నీ పోల్చి చూస్తుంది. దానికి మా అంగడి కూడా ఎవరిదో కొత్త సైటే. ప్రధాన సైటులో కీ తీసేసి అంగడిలో పెడితే అంగడి పనిచేసింది, కానీ ప్రధాన సైటుకి అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్‌డేట్ లేని థీమ్‌తో, పిల్లల తల్లిదండ్రులు డబ్బు కట్టే సైటు నడపడం నాకు నిద్ర పట్టనివ్వని విషయం. వెంటనే కీ వెనక్కి పెట్టేశాను.

అప్పుడు మల్టీసైట్ గుర్తొచ్చింది. 2010 జూన్‌లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 3.0 నుంచి ఇది అందులోనే ఉంది. అంతకుముందు వర్డ్‌ప్రెస్ ఎమ్‌యూ అని వేరే సాఫ్ట్‌వేర్‌గా ఉండేది. ఒకే ఇన్‌స్టలేషన్, ఒకే థీమ్‌ల ఫోల్డర్, సైట్లు మాత్రం ఎన్నయినా పెట్టుకోవచ్చు. కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను చేర్చి నెట్‌వర్క్ సెటప్ తెరిస్తే, మా సైటు పాతది కాబట్టి సబ్‌డొమైన్ పద్ధతే వాడాలంది. మాకు కావాల్సిందీ అదే. ఏ సబ్‌డొమైన్ కొట్టినా మా సర్వర్‌కే వచ్చేలా డీఎన్‌ఎస్‌లో (ఏ పేరు ఏ సర్వర్‌కి పోవాలో చెప్పే పట్టికలో) నక్షత్రం గుర్తుతో ఒక రికార్డు పెట్టాను. సైటుకి సురక్షితమైన కనెక్షన్ ఇచ్చే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ అన్నిటికీ కలిపి ఒకటే తీసుకున్నాను. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ అలాంటివి 2018 నుంచి ఉచితంగా ఇస్తోంది, కాకపోతే డొమైన్ మనదేనని డీఎన్‌ఎస్ ద్వారానే రుజువు చూపాలి.

థీమ్‌ని నెట్‌వర్క్ మొత్తానికి ఎనేబుల్ చేశాను. నాలుగు సైట్లూ ఒకేలా వచ్చాయి. కీ ప్రధాన సైటులో మాత్రమే ఉంది. థీమ్ ఫైళ్లు నాలుగింటికీ ఉమ్మడి కాబట్టి ఒకచోట అప్‌డేట్ చేస్తే అన్నిచోట్లా అయిపోతోంది. ఎక్కడా ఎర్రర్ లేదు. ఆ సాయంత్రం మాష్టారికి ఫోన్ చేసి, అదనంగా పైసా ఖర్చు లేకుండా పనైపోయిందని చెప్పాను.

రాత్రి మాత్రం మనసు ఒప్పుకోలేదు. కంప్యూటర్ అడ్డుచెప్పలేదు, సరే. అమ్మినవాళ్లు ఒప్పుకున్నట్టేనా? అంతవరకూ ఆ లైసెన్స్ నేను పూర్తిగా చదవలేదు. కూర్చుని చదివాను. ఒక లైసెన్స్ ఒక్క తుది ఉత్పత్తికి అని ఉంది. ఎన్ని డొమైన్లు, ఎన్ని ఇన్‌స్టలేషన్లు, ఎన్ని ఫైళ్లు అనే మాటే లేదు. అంటే వాళ్లు లెక్కపెట్టేది నేను లెక్కపెట్టేదాన్ని కాదు. నాలుగు సైట్లు ఒకే ఫోల్డర్‌లో ఉన్నంత మాత్రాన ఒక ఉత్పత్తి అయిపోవు. ఒకే ఇంటి గోడల మధ్య నాలుగు కొట్లు పెట్టినా అవి నాలుగు కొట్లే కదా.

విషయం చెబితే, తెలిసిన కుర్రాడొకడు, "అక్కా, వర్డ్‌ప్రెస్ జీపీఎల్ కదా, థీమ్‌లు కూడా జీపీఎల్లే. నాలుగేం ఖర్మ, నలభై సైట్లకి వాడుకో" అన్నాడు. జీపీఎల్ అంటే కోడ్‌ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే లైసెన్స్. అతను చెప్పిందాంట్లో సగం నిజముంది. 2009 జూలైలో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ ఈ విషయంపై ఒక న్యాయ అభిప్రాయం ఇచ్చింది, వర్డ్‌ప్రెస్ వాళ్లే దాన్ని ప్రచురించారు. థీమ్‌ని నడిపే పీహెచ్‌పీ కోడ్ వర్డ్‌ప్రెస్ కోడ్ ఆధారంగా పుట్టింది కాబట్టి దానికి జీపీఎల్ వర్తిస్తుంది, బొమ్మలకీ, రంగులూ అమరికా చెప్పే సీఎస్‌ఎస్‌కీ తప్పనిసరి కాదు అన్నది దాని సారం. మరుసటి ఏడాది థీసిస్ అనే థీమ్ విషయంలో, వర్డ్‌ప్రెస్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన మాట్ ముల్లెన్‌వెగ్‌కీ ఆ థీమ్ తయారుచేసిన క్రిస్ పియర్సన్‌కీ పెద్ద వాదన జరిగింది. చివరికి ఆ థీమ్ కూడా పీహెచ్‌పీ వరకు జీపీఎల్, మిగతాది సొంత లైసెన్స్ అనే పద్ధతికి వచ్చింది. మేం కొన్న థీమ్‌దీ ఇదే పద్ధతి. పీహెచ్‌పీ ఎన్ని సైట్లలో నడిపినా ఎవరూ అడగలేరు. కానీ మాష్టారికి నచ్చిన ఆ రూపమంతా సీఎస్‌ఎస్‌లో, బొమ్మల్లో ఉంది. దానికి సొంత లైసెన్స్ ఉంది. పూర్తిగా జీపీఎల్ కింద ఇచ్చే థీమ్ అయితే కథ వేరు. అక్కడ డబ్బు కట్టేది అప్‌డేట్లకీ సపోర్ట్‌కీ, సైట్ల పరిమితి కూడా ఆ సేవలకే ఉంటుంది. మీ థీమ్ ఏ రకమో దాని ఫోల్డర్‌లో ఉండే లైసెన్స్ ఫైల్ తెరిస్తే తెలిసిపోతుంది. కొనకముందే అది చూడండి.

ఆ కుర్రాడే చవగ్గా థీమ్‌లు అమ్మే ఒక చోటు కూడా చూపించాడు. నేను ఒప్పుకోలేదు. మధ్యలో ఎవరు చెయ్యిపెట్టి ఏం కలిపారో తెలియని ఫైల్‌ని, పిల్లలు చూసే సైటులో పెట్టలేను.

థీమ్ చేసినవాళ్లకే మెయిల్ రాశాను. నాలుగు సైట్ల పేర్లు, ఒక్కోదాని పని, ఒకే ఇన్‌స్టలేషన్ అన్న సంగతి, అన్నీ దాచకుండా రాశాను. రెండు రోజులకి జవాబొచ్చింది. సొంత పేరు, సొంత ప్రయోజనం ఉన్న ప్రతి సబ్‌సైటుకీ విడిగా ఒక లైసెన్స్ కావాలి. పాస్‌వర్డ్ వెనక పరీక్ష కోసం పెట్టుకున్న కాపీకి అక్కర్లేదు. ప్రధాన సైటులోనే ఒక విభాగంగా ఉంటే, ఎంత పెద్దదైనా వేరే లైసెన్స్ అక్కర్లేదు. అంటే ఇంకో మూడు కొనాలి, 177 డాలర్లు.

"కాగితం ఖరీదు చూస్తున్నావు కదమ్మా" అన్నారు మాష్టారు. ఆ డబ్బుతో ఒక చిన్న పుస్తకం ముఖచిత్రం వేయించవచ్చని ఆయన బాధ. ఆ జవాబులో మూడో మాట నాకు అప్పుడే దారి చూపింది. "మాష్టారూ, బడి నిజంగా వేరే సైటేనా?" అని అడిగాను. టీచర్లు వచ్చేది మన పుస్తకాల పాఠాల కోసమే. దాన్ని ప్రధాన సైటులో విభాగం చేస్తే సరిపోతుంది. అంగడి మాత్రం వేరుగా ఉండాల్సిందే, దానికి రెండో లైసెన్స్ కొన్నాం. కథ సైటుకి వర్డ్‌ప్రెస్‌తో పాటు వచ్చే ట్వంటీ ట్వంటీ-ఫోర్ అనే థీమ్ పెట్టాను. అది పూర్తిగా జీపీఎల్. దాని అసలు ఫైళ్లు ముట్టుకోకుండా మన మార్పులు చేర్చే చైల్డ్ థీమ్ ఒకటి మీద కట్టి, రంగులు కుదిర్చి, మండలి అనే తెలుగు ఫాంట్ వాడాను. అది ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంది, ఎన్ని సైట్లకైనా పెట్టుకోవచ్చు. పాత థీమ్ బొమ్మ ఒక్కటీ అందులోకి తేలేదు.

అసలు శ్రమ బడిని కలపడంలో పడ్డాను. పోస్టులు ఎక్స్‌పోర్ట్ చేసి ప్రధాన సైటులోకి తెచ్చుకోవడం తేలికే. మల్టీసైట్‌లో ప్రతి సబ్‌సైటు ఫొటోలూ 'సైట్స్' అనే ఫోల్డర్‌లో తన నంబరు కింద ఉంటాయి. పాఠాల్లోని లింకులు ఇంకా అటే చూపిస్తున్నాయి. డేటాబేస్‌లో చేత్తో ఫైండ్-రీప్లేస్ కొట్టకండి. కొన్ని సెట్టింగ్‌లు అక్షరాల సంఖ్యతో సహా దాచి ఉంటాయి, చిరునామా పొడవు మారితే ఆ సెట్టింగ్ మొత్తం చదవరాకుండా పోతుంది. కమాండ్లతో వర్డ్‌ప్రెస్‌ని నడిపే డబ్ల్యూపీ-సీఎల్‌ఐ అనే సాధనంలో సెర్చ్-రీప్లేస్ కమాండ్ ఆ లెక్క కూడా సరిచేస్తుంది. ముందు డ్రై-రన్‌తో ఎన్నిచోట్ల మారుతుందో చూసి, బ్యాకప్ తీసుకుని, అప్పుడు నడిపాను. పాత బడి చిరునామాలన్నీ కొత్త వాటికి పోయేలా 301 రీడైరెక్ట్, అంటే శాశ్వత మళ్లింపు, పెట్టాను. టీచర్లు వాట్సాప్‌లో పంచుకున్న లింకులు ఒక్కటి కూడా చెడిపోకూడదని నా పట్టుదల.

ఇంకో రెండు సంగతులు ఈ పనిలోనే తెలిశాయి. థీమ్‌తో పాటు ఇచ్చిన, బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి చూపే స్లైడర్ ప్లగిన్‌కి మన పేరు మీద విడి లైసెన్స్ ఏమీ లేదు. థీమ్ వాళ్లు అప్‌డేట్ ఇచ్చినప్పుడే అది కూడా మారుతుంది. డెమోలో కనిపించిన పిల్లల ఫొటోలు కొన్ని చూపించడానికి మాత్రమే ఇచ్చినవి. మా ప్రధాన సైటులో అలాంటిది ఒకటి ఆరేళ్లుగా ఉంది. తీసేసి, మా పుస్తకాలకి బొమ్మలు వేసే ఆయన గీసిందే అడిగి పెట్టాం. పేజీ ముందుకంటే నిండుగా ఉంది.

ఇప్పుడు మాష్టారి దగ్గర కాగితం బిల్లుల ఫైల్లో ఒక పేజీ ఉంది. ఏ సైటుకి ఏ థీమ్, కొన్న తేదీ, కీ ఎక్కడుంది, సపోర్ట్ గడువు ఎప్పటితో అయిపోతుంది, థీమ్ వాళ్ల జవాబు ప్రింటు, అన్నీ అందులో పెట్టాను. మొన్న ఫోన్ చేసి, బొమ్మల పోటీకి ఇంకో సబ్‌డొమైన్ పెడదామా అన్నారు. తర్వాత ఆయనే, "వద్దులే, విభాగంగా పెట్టు" అన్నారు.