గోబీ చలికి గెర్ కట్టే వేళ

సెప్టెంబరు సగం దాటితే గోబీలో గాలి మారిపోతుంది. ఎండలో నిలబడితే హాయిగానే ఉంటుంది, నీడలోకి అడుగు పెడితే చేతులు జివ్వుమంటాయి. మా సైట్‌లో అసలు టెన్షన్ అప్పుడే మొదలవుతుంది. చలి ముదిరేలోపు పైపులకు ఇన్సులేషన్ ఎంత పూర్తయితే అంత మేలు. నా పని అదే. వేడి పోకుండా రాతి పోగులతో చేసే రాక్‌వూల్ చుట్టించడం, పైన అల్యూమినియం షీటు బిగించడం, జాయింట్లు చూసుకోవడం.

మేముండేది మంగోలియాలోని దోర్నోగోవి ప్రాంతం, సైన్‌షాండ్ పట్టణానికి దగ్గర్లో. భారత ప్రభుత్వం ఇచ్చిన 170 కోట్ల డాలర్ల రుణంతో ఇక్కడ చమురు శుద్ధి కర్మాగారం కడుతున్నారు. ఏటా 15 లక్షల టన్నుల ముడి చమురును శుద్ధి చేసే ప్లాంటు ఇది. పనుల్లో పెద్ద భాగం హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ చేతిలో ఉంది కాబట్టి క్యాంపులో తెలుగు మాటలు బాగానే వినిపిస్తాయి. అయితే నేను చెప్పాలనుకుంటున్నది ప్లాంటు గురించి కాదు. మా బండి నడిపే అన్న వాళ్ల ఇంటి గురించి.

ఆయన నాకంటే పెద్దవాడు, అందుకే అందరం ‘అఖా’ అని పిలుస్తాం. ఆయన అమ్మానాన్నలు గొర్రెలు, మేకలు, కొన్ని ఒంటెలతో ఏడాది పొడుగునా గెర్‌లోనే ఉంటారు. బయటి దేశాల్లో యర్ట్ అని చెప్పుకునే గుండ్రటి ఇల్లే గెర్. ఏటా చలికి ముందు దాన్ని వేసవి మకాం నుంచి విప్పి శీతాకాలపు మకాంలో మళ్లీ కట్టుకోవాలి. ఆ పనికి అఖా సెలవు పెట్టి వెళ్తూ “రాక్‌వూల్ వాడివి కదా, మా ఉన్ని పని కూడా చూద్దువుగాని రా” అన్నాడు. వెళ్లాను.

శీతాకాలపు మకాం ఒక చిన్న గుట్టకు దక్షిణం వైపు ఉంది. ఇక్కడ చలిగాలి ఎక్కువగా వాయవ్యం నుంచి కొడుతుంది, దాన్ని గుట్ట అడ్డుకుంటుంది. పక్కనే గొర్రెలకు రాళ్లతో కట్టిన దొడ్డి. దాని నేలంతా ఏళ్ల తరబడి పేరుకున్న ఎండు పెంటికలు. దాన్నెవరూ ఊడ్చి పారేయరు. చలి రాత్రుల్లో మంద పడుకునేది ఆ మెత్తటి, పొడి నేల మీదే.

పోర్టర్ అనే చిన్న ట్రక్కులోంచి సామాను దింపగానే గెర్ నిలబెడతారేమో అనుకున్నాను. వాళ్లమ్మగారు ముందు ఉన్ని పరుపులన్నీ నేల మీద ఎండలో పరిపించారు. వేలెడు మందాన, బరువుగా, ఒక్కోటి ఎత్తడానికి ఇద్దరు కావాలి. కర్రతో కొట్టి దుమ్ము దులిపాక ఆవిడ ఒక్కోదాని మీద అరచెయ్యి నొక్కిపెట్టి కాసేపు ఉంచారు. తర్వాత ఒంగి వాసన చూశారు. ఒకదాని అంచు దగ్గర ఆగిపోయి, తల అడ్డంగా ఊపి, దాన్ని తిరగేసి మళ్లీ ఎండకు పెట్టించారు. నేను చెయ్యి పెట్టి చూస్తే నాకేమీ తెలియలేదు. కానీ ఆవిడ దేనికోసం వెతుకుతున్నారో మాత్రం బాగా తెలిసింది. ఇన్సులేషన్ పనిలో మొదటి సూత్రం అదే. వెచ్చదనాన్ని కాపాడేది ఉన్ని కాదు, ఉన్ని పోగుల మధ్య చిక్కుకున్న గాలి. ఆ గాలి ఉండాల్సిన చోట తడి చేరితే ఎన్ని పొరలు చుట్టినా దండగే. మేమైతే తడిసిన రాక్‌వూల్‌ను పీకి పారేస్తాం. వాళ్లకు పారేసే వీల్లేదు, సొంత గొర్రెల ఉన్నితో చేసుకున్నది.

చట్రం నిలబెట్టడం మాత్రం చకచకా అయిపోయింది. తలుపు దక్షిణానికి పెట్టి, మడిచిన జాలీ గోడలను గుండ్రంగా విప్పి కట్టారు. నడుమ రెండు స్తంభాల మీద చక్రంలాంటి పైకప్పు కన్ను, తూనో, నిలిపి, దాని చుట్టూ వాసాలు గుచ్చారు. ఒక్క మేకు కూడా కొట్టలేదు.

అసలు కష్టం పొరలు వేయడంలో ఉంది. వేసవిలో ఒక్క పొర చాలు. ఎండ ముదిరితే గోడ అంచులు పైకి మడిచి గాలి రానిస్తారు. చలికాలానికి మాత్రం రెండు మూడు పొరలు కావాలి. మొదటి పొర అతుకు వచ్చిన చోట రెండో పొర అతుకు రాకుండా అఖా వాళ్ల నాన్నగారు పక్కకు జరిపించారు. మేం పైపులకు చేసేదీ ఇదే. అతుకులు ఒకదాని మీద ఒకటి పడితే చలి నేరుగా లోపలికొస్తుంది. మాకు ఈ సంగతి డ్రాయింగులో రాసుంటుంది. పెద్దాయన “ఇంకొంచెం, ఇంకొంచెం” అని చేత్తో సైగ చేస్తూ చేయించారు. నా పనిని ఇంత బాగా ఎరిగిన మనిషిని క్యాంపు బయట అక్కడే చూశాను.

గోడ నేలను తాకే చోటు వాళ్లు అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడేది. గెర్ చుట్టూ అడుగున ఇంకో ఉన్ని పట్టీ కట్టి, దాని మీదికి మట్టి ఎగదోశారు. మంచు పడ్డాక ఆ మట్టి మీద మంచు కూడా తొక్కిపెడతారట. లోపల నేల మీద ఎండు పెంటికల పొడి పరిచి, దాని మీద చెక్క పలకలు వేశారు. తలుపుకు బయట మందపాటి ఉన్ని తెర వేలాడదీశారు. పొయ్యి గొట్టం విప్పి మసి దులిపి బిగించారు. ఇక వంటచెరకు. మనలా చేత్తో తట్టిన పిడకలు కావివి. మేతకు తిరిగే పశువుల పేడ బీట్లోనే ఎండిపోతుంది. దాన్ని వేసవంతా ఏరి తెచ్చి, వాన తగలకుండా గుట్ట పోస్తారు.

సాయంత్రం టీ తాగుతూ, ఇల్లు వెచ్చగా కుదిరిందని ఫోన్ ట్రాన్స్‌లేటర్‌తో పెద్దాయనకు చెప్పాను. ఆయన తలుపు వైపు, బయట మంద వైపు చూపించి “ఇల్లు ఒక్క రోజులో కుదురుతుంది. గొర్రెకు కొవ్వు పట్టాలంటే వేసవంతా గడ్డి ఉండాలి” అన్నారు. 2023-24 చలికాలంలో మంచు, గడ్డకట్టిన నేల కలిసి దేశమంతటా 70 లక్షలకు పైగా పశువులను చంపేశాయి. అలాంటి చలికాలాన్ని వీళ్లు జుద్ అంటారు. గెర్‌లో మనుషులు వెచ్చగా ఉన్నా, తెల్లారి లేచేసరికి దొడ్డిలో మేకలు బిగుసుకుపోయి ఉండేవని అఖా చెప్పాడు. అంతకుమించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

డిసెంబరు 22 నుంచి వీళ్లు చలిని తొమ్మిదేసి రోజుల చొప్పున తొమ్మిది భాగాలుగా లెక్కపెడతారు. మూడో తొమ్మిదిలో మూడేళ్ల కోడె కొమ్ము గడ్డకడుతుందని సామెత. ఆ రోజులు సరిగ్గా మన సంక్రాంతికే వస్తాయి. సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి అని మా నాయనమ్మ అనేది. శివరాత్రికి శివశివా అని పోయే మన చలి లాగే ఇక్కడా ఆపాటికి గుట్టల నెత్తిన మంచు కరిగి నేల కనబడుతుందట.

జనవరిలో ఒక రాత్రి ఆ గెర్‌లో పడుకున్నాను. బయట మైనస్ 25. పొయ్యి మండినంతసేపు లోపల చొక్కాతో కూర్చోవచ్చు. తెల్లవారుజామున నిప్పు చల్లారాక బకెట్లో నీళ్ల మీద మంచు పొర కట్టింది. అయినా తూనో మీది ఉన్ని మూతను పూర్తిగా మూయలేదు. వాళ్లమ్మగారు పడుకునే ముందు తాడు లాగి, చెయ్యి దూరేంత సందు వదిలారు. అంత కష్టపడి దాచుకున్న వేడి అందులోంచి పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. కానీ ఆ సందు ఉండాల్సిందే. 2019లో రాజధాని ఉలాన్‌బాతర్‌లో ముడి బొగ్గును నిషేధించి బ్రికెట్లు (ఒత్తి చేసిన బొగ్గు ముద్దలు) తెచ్చాక, ఆ తొలి చలికాలంలోనే పొయ్యిలోంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ పీల్చి కొందరు నిద్రలోనే చనిపోయారు. ఆ వాయువుకు వాసన ఉండదు.

మా క్యాంపు నుంచి మనవాళ్లు ఎవరైనా చలికాలంలో గెర్‌కు వెళ్తామంటే నేను ముందు అడిగేది ఆ వాయువును పసిగట్టే డిటెక్టర్ ఉందా అని. లేకపోతే నాది ఇచ్చి పంపుతాను. దుప్పట్లు మోసుకెళ్లక్కర్లేదు, అవి వాళ్లే కప్పుతారు.