గెటిస్‌బర్గ్‌లో ఒక చిన్న తెల్ల ఇల్లు

మా అమ్మాయి పురుటికి సాయంగా ఉందామని ఆగస్టులో అమెరికా వచ్చాను. వాళ్ళ ఇల్లు వర్జీనియాలో, యాష్‌బర్న్‌లో. నవంబర్‌లో డెలివరీ. 2025 సెప్టెంబర్ 10న యూటాలో చార్లీ కిర్క్ అనే ట్రంప్ పక్షం యువ నాయకుణ్ణి కాల్చి చంపారు. ఆ రోజు నుంచి టీవీ పెడితే చాలు, సివిల్ వార్ అన్న మాటే. జూన్‌లో మిన్నెసోటాలో మెలిస్సా హార్ట్‌మన్ అనే శాసనసభ్యురాలినీ ఆమె భర్తనూ వాళ్ళింట్లోనే కాల్చేశారు. ఆ సంగతి కూడా మళ్ళీ తోడుతున్నారు. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల పొద్దస్తమానం ఇవే చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. శుక్రవారం రాత్రి తనే టీవీ కట్టేసి, "అమ్మా, నువ్వు బళ్ళో ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం, ఆ అంతర్యుద్ధం జరిగిన గెటిస్‌బర్గ్, ఇక్కడికి గంటంబావు దూరంలోనే ఉంది. పొద్దున్నే పోదాం పద" అంది.

నేను కోదాడ దగ్గర హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. అమెరికా అంతర్యుద్ధం గురించి మేం చెప్పేది నాలుగు వాక్యాలు. దక్షిణ రాష్ట్రాలు విడిపోతామన్నాయి, లింకన్ కుదరదన్నాడు, యుద్ధం జరిగింది, బానిసత్వం పోయింది. పిల్లలు 1861, 1865 అని రాస్తే ఫుల్ మార్కులు వేసేదాన్ని.

రూట్ 15 మీద ఎమిట్స్‌బర్గ్ దాటాక, పెన్సిల్వేనియాకు స్వాగతం అని ఒక బోర్డు వచ్చింది. అంతే. కారు స్లో కూడా కాలేదు. "అత్తయ్యా, ఇదే మేసన్-డిక్సన్ లైన్" అన్నాడు అల్లుడు. ఒకప్పుడు దీనికి ఇటు మేరీలాండ్‌లో మనిషిని సంతలో కొనుక్కోవచ్చు, అటు కుదరదు. పారిపోయి ఈ గీత దాటిన వాళ్ళకు కూడా 1850 చట్టం వచ్చాక భరోసా లేదు, వెతికి పట్టుకుని వెనక్కి లాక్కుపోవచ్చు.

నాకు మా రామాపురం క్రాస్‌రోడ్ గుర్తొచ్చింది. నా పుట్టిల్లు జగ్గయ్యపేట, మెట్టినిల్లు కోదాడ. 2014 జూన్ 2 పొద్దున లేచేసరికి రెండింటి మధ్య రాష్ట్రాల సరిహద్దు ఉంది. పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఆగలేదు. కానీ 2021 మేలో, కోవిడ్ రెండో వేవ్‌లో, ఆక్సిజన్ పెట్టుకున్న మనుషులతో హైదరాబాద్ పోతున్న అంబులెన్సులను అక్కడ ఆపేశారు. అది చూశాక, గీత అంటే ఉత్త గీతే కదా అని నేనెప్పుడూ అనుకోలేదు.

దారంతా ఒక పొలంలో ట్రంప్ జెండా, రెండిళ్ళ అవతల దానికి పూర్తిగా పడని మాటలు రాసిన బోర్డు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను. 1860-61లో పదకొండు రాష్ట్రాలు విడిపోయాయి, మ్యాప్ మీద రంగు వేసి చూపించొచ్చు. ఇప్పుడు గీత గీయాలంటే ఎక్కడ గీస్తారు? ఈ రెండిళ్ళ మధ్య ప్రహరీ కూడా లేదు.

విజిటర్ సెంటర్ దగ్గర కిర్క్ కోసం జెండా సగానికి దించి ఉంది. లోపల మ్యూజియం టికెట్లు, మళ్ళీ గైడ్‌కు విడిగా రెండు గంటలకు వంద డాలర్లకు అటూ ఇటూగా. మన లెక్కలో తొమ్మిది వేలు. కోదాడలో కారు మాట్లాడుకుని శ్రీశైలం పోయి దర్శనం చేసుకుని రావచ్చు. నేను గొణుగుతూనే ఉన్నాను, అల్లుడు కట్టేశాడు. ఇక్కడ లైసెన్స్ ఉన్న గైడ్లు 1915 నుంచీ ఉన్నారు, పరీక్ష పాసైతేనే లైసెన్స్. మన కారును ఆయనే నడుపుతాడు. కొత్త కారు తాళం ముక్కూ మొహం తెలియని పెద్దాయన చేతిలో పెట్టేటప్పుడు అల్లుడి మొహంలో టెన్షన్ కనిపించింది. ఆయన మాత్రం ముందు సీటు సర్దుకుని, అద్దం సర్దుకుని, వెనక్కి తిరిగి మా అమ్మాయితో, "గతుకులు వచ్చే చోట ముందే చెప్తానమ్మా" అన్నాడు. చెప్పాడు కూడా, ప్రతిసారీ.

మూడు రోజుల యుద్ధం, 1863 జూలై 1 నుంచి 3 దాకా. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, పట్టుబడ్డవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు అంతా కలిపి 51,000 మంది దాకా. లిటిల్ రౌండ్ టాప్ అనే గుట్ట, ఫిరంగులు, గుర్రాల మీద జనరల్స్, అన్నీ చూశాం. వాటి గురించి ఎవరైనా చెప్తారు. నన్ను కట్టిపడేసింది సిమెటరీ రిడ్జ్ అనే మిట్ట మీది ఒక చిన్న ఇల్లు.

తెల్ల సున్నం కొట్టిన చెక్క ఇల్లు. మా ఊళ్ళో ఎద్దుల కొట్టం ఇంతకన్నా పెద్దది. ముందు మోకాలెత్తు రాళ్ళ గోడ, దానికి అవతల మైలు దూరం వరకు పచ్చటి బయలు. జూలై 3 మధ్యాహ్నం ఆ బయల్లోంచి 12,500 మంది దక్షిణాది సైనికులు ఈ గోడ మీదికి నడిచి వచ్చారు. సగానికి పైగా పోయారు, లేదా దెబ్బతిన్నారు, లేదా దొరికిపోయారు. ఇల్లు అబ్రహాం బ్రయన్‌ది. నల్లజాతి రైతు, ఎవరికీ బానిస కాదు, పన్నెండెకరాల సొంతదారు. యుద్ధం నాటికి ఆయన ఇంట్లో లేడు. దక్షిణాది సేనాని లీ సైన్యం పెన్సిల్వేనియాలోకి వస్తూ కనబడ్డ నల్లవాళ్ళను, స్వేచ్ఛగా పుట్టినవాళ్ళను కూడా, వందలమందిని పట్టి దక్షిణానికి తోలుకుపోయింది. అందుకని బ్రయన్ పెళ్ళాం పిల్లలతో ముందే ఊరు వదిలాడు. తిరిగొచ్చేసరికి ఇంటి నిండా తూటాల రంధ్రాలు, కంచెలు లేవు, పంట లేదు. 1,028 డాలర్ల నష్టమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంటే 15 డాలర్లు ఇచ్చారు.

నేను ఆ గోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఎండకు రాయి వేడిగా ఉంది. ముప్పై ఏళ్ళు లింకన్ పేరు బోర్డు మీద రాశాను, ఒక్కసారైనా ఇలాంటి మనిషి గురించి చెప్పలేదు.

యుద్ధం బానిసత్వం గురించి కాదు, రాష్ట్రాల హక్కుల గురించి అని వాదించేవాళ్ళు గైడ్‌కు చాలామంది తగులుతారట. మిసిసిపీ రాష్ట్రం ఎందుకు విడిపోతున్నదో 1861లో తనే రాసి పెట్టుకుంది, మొదట్లోనే బానిసత్వం పేరెత్తింది, అది చదివి వినిపిస్తాను అన్నాడు గైడ్. అప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను, మళ్ళీ వస్తుందా అని. అల్లుడు నా వైపు చూశాడు, అడగకూడనిది అడిగానేమో అన్నట్టు.

ఆయన చాలాసేపు బయలు వైపే చూశాడు. "ఇదివరకు అందరూ దెయ్యాలున్నాయా అని అడిగేవాళ్ళు. ఈ మధ్య ఇదే అడుగుతున్నారు" అన్నాడు. తర్వాత, తన చెల్లెలు పక్క టౌన్‌లోనే ఉంటుందనీ, 2020 ఎన్నికల నుంచి మాటల్లేవనీ చెప్పాడు. అమ్మ చనిపోయినప్పుడు పక్కపక్కనే నిలబడి కూడా మాట్లాడుకోలేదట. ఇంకేమీ అనలేదు.

మీ దగ్గర రాష్ట్రం ఎలా విడిపోయిందని అడిగాడు, అమ్మాయి చెప్పింది కాబోలు. దేశం నుంచి విడిపోవడం కాదు, దేశంలోనే వేరే రాష్ట్రం కావాలన్నారని చెప్పాను. పార్లమెంటు ఓటు వేసింది, సైన్యాలు లేవు. అయినా తెలంగాణ కోసం పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. నేను పాఠం చెప్పిన వయసు పిల్లలు. అది చెప్పేటప్పుడు నా గొంతు నిలవలేదు.

శ్మశానానికి నడిచి వెళ్ళాం. అదే ఏడాది నవంబర్ 19న లింకన్ రెండు నిమిషాలు మాట్లాడింది ఇక్కడి సభలోనే. పేరు తెలియని సైనికులకు సమాధి అంటే నేలలో ఒక చదరపు పాలరాయి, దాని మీద ఒక నంబర్. అలాంటివి 979. అమ్మాయి బెంచీ మీద కూర్చుంది. అల్లుడు వచ్చి పక్కన కూర్చుని, "అత్తయ్యా, ఇక్కడి రాజ్యాంగానికి పద్నాలుగో సవరణ ఈ యుద్ధంలోంచే వచ్చింది తెలుసా" అన్నాడు. 1868లో. ఈ గడ్డ మీద పుట్టినవాళ్ళు ఈ దేశ పౌరులు. బానిసలుగా ఉన్నవాళ్ళ పిల్లలను ఇక ఎవరూ పరాయివాళ్ళనకుండా రాసుకున్న మాట. 2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఆర్డర్ ప్రకారం తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే, పుట్టే బిడ్డకు అది వర్తించదు. వీళ్ళిద్దరిదీ అదే పరిస్థితి. మేం వెళ్ళిన ఆ 2025 సెప్టెంబర్ నాటికి కోర్టులు దాన్ని ఆపి ఉంచాయి కాబట్టి అప్పటికి సరే. బ్రయన్ లాంటి వాళ్ళ కోసం రాసిన వాక్యం మా మనవడికో మనవరాలికో నీడ అవుతుందని నేను బళ్ళో చెప్పిన రోజుల్లో ఊహించగలనా.

తిరుగు దారిలో ఎవరమూ ఎక్కువ మాట్లాడలేదు. డబ్బాలో తెచ్చిన పులిహోర కారులోనే తిన్నాం. పాయింట్ ఆఫ్ రాక్స్ దగ్గర పొటోమాక్ వంతెన దాటితే వర్జీనియా. అంతర్యుద్ధంలో విడిపోయినవాళ్ళ రాజధాని రిచ్‌మండ్ ఈ రాష్ట్రంలోనే. బిడ్డ బర్త్ సర్టిఫికెట్ మీద ఈ రాష్ట్రం పేరే ఉంటుంది.

"సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజే పాస్‌పోర్ట్‌కు అప్లై చేద్దాం, ఒక్కరోజు కూడా ఆగొద్దు" అన్నాడు అల్లుడు. పొద్దుట్నుంచి ఇది మూడోసారి.

"ముందు పుట్టనివ్వండి" అంది మా అమ్మాయి, కళ్ళు మూసుకునే.