పాత సీడీ ప్లేయర్, 12×10 గది: ఇప్పటిదాకా జరిగిన పని

సరంజామా

90ల నాటి జపాన్ సీడీ ప్లేయర్. దాదాపు అదే వయసున్న స్టీరియో యాంప్లిఫయర్. వెనక గాలి రంధ్రం ఉన్న రెండు చిన్న స్పీకర్లు. వరంగల్‌లో ఎనుమాముల పత్తి మార్కెట్ రోడ్డు వైపు ఇల్లు, పై అంతస్తు గది: పొడవు 12 అడుగులు, వెడల్పు 10, స్లాబ్ ఎత్తు కూడా 10. కింద గ్రానైట్, చుట్టూ ఉత్త గోడలు.

ప్లేయర్ మార్చకుండా ఎంత మంచి సౌండ్ రాబట్టవచ్చో చూడాలనుకున్నాను. సీడీ మీద ఉండేది సెకనుకు 44,100 శాంపిళ్లు, అంటే సౌండ్ కొలతలు, ఒక్కోటి 16 బిట్ల అంకె. 1982లో జపాన్‌లో మొదటి ప్లేయర్ అమ్మకానికి వచ్చిన నాడు ఈ లెక్క ఎంతో, ఇవాళా అంతే. ఆ అంకెల్ని తప్పు లేకుండా చదివే ప్లేయర్ ఉంటే, పెద్ద తేడాలన్నీ దాని తర్వాతే వస్తాయన్నది నా అనుమానం.

ఎండాకాలం: లెన్స్, బెల్టు

పత్తి సీజన్‌లో మా రోడ్డు మీద గాలిలో నూగు తేలుతుంటుంది. మూత విప్పి చూస్తే లెన్స్ మీద సన్నటి పొర. మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇచ్చే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒక ఇయర్ బడ్ చాలు. బడ్ తడిసీ తడవనట్టుండాలి. లెన్స్ సన్నటి తీగల మీద వేలాడుతుంటుంది కాబట్టి అదిమితే పాడైపోతుంది. ప్లగ్ తీసేసి తుడవాలి, ఆరాకే కరెంటు పెట్టాలి. మూత తీసి నడిపిస్తే లెన్స్‌లోకి మాత్రం చూడొద్దు. అది 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లేజర్, దాదాపు కంటికి ఆనదు గానీ కంటికి మంచిది కాదు.

లెన్స్ జరిగే పట్టాల మీద పాత గ్రీజు జిగురుగా మారింది. తుడిచి, అగ్గిపుల్ల కొసతో తెల్ల లిథియం గ్రీజు కొంచెం రాశాను. ట్రే తెరుచుకోక మొరాయించడానికి మాత్రం కారణం బెల్టు. ఎండలకు రబ్బరు సాగిపోయింది. పాతదాన్ని గుండ్రంగా పరిచి లోపలి వ్యాసం కొలిచి, దానికన్నా నూటికి ఐదు వంతులు చిన్నది తీసుకోవాలి. టేప్ రికార్డర్ బెల్టుల కట్టలో సరిపోయేది దొరికింది.

లెన్స్ తుడిస్తే సౌండ్ తియ్యగా మారుతుందనే మాట నేను నమ్మను. సీడీలో డేటాను వరసగా కాకుండా చెదరగొట్టి రాస్తారు, దాంతోపాటు తప్పులు దిద్దే కోడ్ ఉంటుంది. ట్రాక్ వెంబడి దాదాపు 2.5 మిల్లీమీటర్ల మేర పోయినా అది పూర్తిగా సరిచేస్తుంది. అది దాటితే అటూ ఇటూ ఉన్న శాంపిళ్లను చూసి మధ్యలోది పూరిస్తుంది. అదీ కుదరకపోతే సౌండ్ ఆగుతుంది. అంటే మురికి లెన్స్‌తో పాట ఎగురుతుంది, టిక్కుమంటుంది. వేణువు మొద్దుబారడం, మృదంగం మెత్తబడడం దాని వల్ల కాదు. డిస్కును మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవమనేదీ ఇందుకే. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంటే పోతుంది, దిద్దడం కష్టం. అన్నట్టు, ఎక్కువ జాగ్రత్త కావాల్సింది పేరు అచ్చేసిన వైపే. మెరిసే పొర ఆ పక్కన సన్నటి లక్క కిందే ఉంటుంది.

మృగశిర దాటాక: గుయ్యిమనే చప్పుడు, వాల్యూమ్

పాట ఆపినా స్పీకర్లలో 50 హెర్ట్జ్ గుయ్యిమంటోంది. టీవీ సౌండ్ కూడా ఇదే యాంప్‌కి వస్తుంది. సెట్‌టాప్ బాక్స్ వెనక కేబుల్ వైరు పీకగానే చప్పుడు పోయింది. కేబుల్ వైరు ఒక చోట ఎర్త్ అవుతుంది, యాంప్ ఇంకో చోట. ఆ రెండింటి మధ్య వైర్లలో పారే కరెంటే ఆ చప్పుడు. యాంప్ ప్లగ్ ఎర్త్ పిన్ను తీసేయమని చాలామంది సలహా ఇస్తారు. చచ్చినా చేయొద్దు, షాక్ కొట్టకుండా కాపాడేది అదే. టీవీ నుంచి ఆప్టికల్ వైరు, ఒక చిన్న కన్వర్టర్ పెట్టాను. వెలుతురు మీద నడిచే దారి కాబట్టి ఎర్త్ గొడవే లేదు.

ఇక వాల్యూమ్. సీడీ ప్లేయర్ పూర్తి లెవెల్లో 2 వోల్టులు ఇస్తుంది. ఆ కాలం యాంప్‌లకు 150, 200 మిల్లీవోల్టులు చాలు. అందుకే నాబ్ తొమ్మిది గంటల దగ్గరికి రాకముందే ఇల్లు దద్దరిల్లేది. నాబ్ అంత కింద ఉంటే ఎడమ, కుడి సమానంగా రావు, గొంతు ఓ పక్కకి జరిగి వినిపిస్తుంది. మందు చవక: ఒక్కో చానల్‌కి వరసలో 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, దాని తర్వాత సిగ్నల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 3.3 కిలో ఓమ్‌లది ఒకటి. మెటల్ ఫిల్మ్, ఒక్క శాతం రకం. యాంప్ ఇన్‌పుట్ 47 కిలో ఓమ్‌లు కలుపుకుంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గుతుంది. చిన్న డబ్బాలో పెట్టి సోల్డర్ చేసి, యాంప్ దగ్గరే తగిలించాను. ఇప్పుడు నాబ్ పన్నెండు గంటల దగ్గర ఉంటుంది, గొంతు నడిమధ్యన నిలబడుతుంది. ఆరు నెలలు దాచుకుని ఖరీదైన కేబుల్ కొనేవాళ్లు ముందు ఈ నాలుగు రెసిస్టర్లు వేసి చూడాలి.

శ్రావణం: డాక్ పోటీ

మిత్రుడు బయట పెట్టే డాక్ (సీడీలోని అంకెల్ని సౌండ్ సిగ్నల్‌గా మార్చే డబ్బా) ఒకటి తెచ్చాడు. కోయాక్సియల్ వైరుతో కలిపి వింటే వెంటనే బాగున్నట్టు అనిపించింది. టెస్ట్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో కొలిచాను. ప్లేయర్‌తో 1.00 వోల్టు, డాక్‌తో 1.18. అంటే డాక్ 1.4 డెసిబెల్స్ ఎక్కువ. ఆ కాస్త తేడాను మన చెవి 'పెద్దగా' అనుకోదు, 'స్పష్టంగా' అనుకుంటుంది. టోన్ 100 హెర్ట్జ్‌ది వాడాలి, మామూలు మల్టీమీటర్లు కరెంటు ఫ్రీక్వెన్సీ చుట్టుపక్కలే సరిగ్గా చూపిస్తాయి. రెండూ సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపిస్తే ఇద్దరం తేల్చుకోలేకపోయాం. డాక్ మిత్రుడితోనే వెళ్లిపోయింది. వాడికి కొంచెం కోపం వచ్చింది.

బతుకమ్మ సెలవులు: గది

అసలు పని ఇక్కడే ఉంది. స్పీకర్లు బీరువా మీద, స్లాబ్‌కి దగ్గరగా ఉండేవి. నేను వెనక మూలలో దివాన్ మీద. బేస్ అంతా కుండలో తల పెట్టి విన్నట్టు.

లెక్క వేస్తే సంగతి తెలిసింది. మన వేడిలో ధ్వని సెకనుకు సుమారు 1,145 అడుగులు పోతుంది. దాన్ని గది కొలతకు రెట్టింపుతో భాగిస్తే ఆ గది పట్టుకుని ఊగే ఫ్రీక్వెన్సీ వస్తుంది. 12 అడుగులకు 48 హెర్ట్జ్, 10 అడుగులకు 57. వెడల్పూ ఎత్తూ ఒకటే కావడంతో 57 రెండుసార్లు పడుతోంది. ఈ ఊపు గోడల దగ్గర, మూలల్లో బలంగా, మధ్యలో బలహీనంగా ఉంటుంది. నేనూ స్పీకర్లూ సరిగ్గా బలమైన చోట్లే ఉన్నాం.

5 హెర్ట్జ్‌ల తేడాతో 30 నుంచి 120 దాకా టోన్లు చేసి సీడీఆర్ మీద తక్కువ స్పీడులో రాసుకున్నాను. (సీడీఆర్‌డబ్ల్యూ వద్దు, వెలుగు తక్కువ తిప్పికొడుతుంది, పాత ప్లేయర్లు చాలావరకు చదవవు.) వాటిని వింటూ మార్పులు చేశాను. స్పీకర్లు కిందికి దించి, సిమెంటు ఇటుకల మీద కిచెన్ ప్లాట్‌ఫామ్‌లో మిగిలిన కరీంనగర్ గ్రానైట్ పలకలు వేసి కూర్చోబెట్టాను. ట్వీటర్ (స్పీకర్‌లో పైస్థాయి శబ్దాలు పలికే చిన్న భాగం) చెవి ఎత్తుకి వచ్చింది. ముందు గోడకు రెండున్నర అడుగులు, పక్క గోడలకు కూడా రెండున్నర. కుర్చీ వెడల్పుకి నడిమధ్యన, ముందు గోడకు ఏడున్నర అడుగుల్లో. బేస్ కొంచెం తగ్గడానికి స్పీకర్ల వెనక రంధ్రంలో ఒక్కో సాక్సు. 48, 57 రెండూ తగ్గిపోయాయి, మృదంగం ఎడమ వైపు దెబ్బలు విడివిడిగా వినిపిస్తున్నాయి.

పక్క గోడలకు రెండున్నర అనడానికి కారణం ఉంది. వెడల్పు వల్ల రెండో ఊపు 115 హెర్ట్జ్ దగ్గర వస్తుంది, అది నడిమధ్యన కూర్చున్నవాడికి బాగా తగులుతుంది. స్పీకర్‌ను సరిగ్గా వెడల్పులో పావు వంతు దగ్గర పెడితే ఆ ఊపు పెద్దగా లేవదు. ముందు రెండు అడుగుల్లో పెట్టి విన్నాను, తర్వాత రెండున్నర. తేడా తెలిసింది.

చప్పట్లు కొడితే గోడల మధ్య జింగుమని మోగడం వేరే జబ్బు. దానికి కొత్తవాడ దరీలు (జంపఖానాలు). 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ దరీలే. స్పీకర్ సౌండ్ గోడకు తగిలి చెవికి తిరిగొచ్చే చోట కట్టాలి, ఆ చోటేదో అద్దం చెబుతుంది. నేను కుర్చీలో కూర్చుంటే మేనల్లుడు గోడ వెంబడి అద్దం జరిపాడు.

"మామా, గిక్కడ్నా?"

"ఇంకింత ముందుకు జరుపురా. ఆ, ఆపు."

అద్దంలో ట్వీటర్ కనిపించిన చోటల్లా పెన్సిల్ గుర్తు. అక్కడ దరీని మడతపెట్టి, గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉంచి వేలాడదీశాం. పైస్థాయి శబ్దాల గరుకు పోయింది. బేస్ మీద దరీ ప్రభావం ఏమీ ఉండదు, ఆశపడొద్దు.

మిగిలింది

115 దగ్గర ఇంకా కొంచెం ఉబ్బు ఉంది. ఇది స్లాబ్‌కీ నేలకీ మధ్య లేచేది, స్పీకర్లు పక్కకి జరిపితే పోదు. పలకల కింద ఒక ఇటుక వరస తీసేసి, ట్వీటర్ కొంచెం పైకి చూసేలా వంచితే స్పీకర్ 2.5 అడుగుల ఎత్తుకి, అంటే గది ఎత్తులో పావు వంతుకి వస్తుంది. ముందు అది చేస్తాను. సరిపోకపోతే ఆరు అంగుళాల దూది పరుపు ఒకటి కుట్టించి స్లాబ్ కింద కొంచెం ఎడంగా వేలాడదీయాలి. ఇంట్లో దీనికి ఇంకా అనుమతి రాలేదు.