ముందు నాలుగు కిలోలు

జాకెట్టు కుట్టేటప్పుడు టైలర్లు పక్కల లోపల కొంచెం బట్ట వదిలి, రెండు మూడు వరసలు కుట్లు వేస్తారు. ఒళ్లు పెరిగితే ఒక్కో వరస విప్పుకోవచ్చని. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నేను ఆ వరసలన్నీ విప్పుకుంటూ వచ్చాను. రెండేళ్ల కిందట శ్రావణమాసంలో మా ఆడపడుచు కూతురి పెళ్లికని పట్టుచీర బయటికి తీస్తే, దాని జాకెట్టులో విప్పడానికి ఇంక కుట్టు మిగల్లేదు.

అప్పుడు నా బరువు 78 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు, వయసు 43. ఆ నెలలోనే చేయించుకున్న రక్తపరీక్షలో హెచ్‌బీఏవన్‌సీ, అంటే మూడు నెలల షుగరు సగటు, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగరు గడప దగ్గర ఉన్నట్టు, 6.5 వస్తే లోపలికి వచ్చేసినట్టు. మా అమ్మ షుగరు వల్ల కాలి వేలు పోగొట్టుకుంది. ఆ కాలికి రోజూ కట్టు మార్చింది నేనే. అందుకే ఆ కాగితం చూడగానే చేతులు చల్లబడ్డాయి.

బరువు తగ్గాలని అనుకోవడం నాకు కొత్త కాదు. అంతకుముందు మూడుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ క్యాలెండరు మీద ఒకటే అంకె రాసుకునేదాన్ని: 58. ఒకసారి పద్దెనిమిది వేలు కట్టి ఒక సెంటర్లో చేరాను. వాళ్లిచ్చిన పొడి తాగి నెలలో అయిదు కిలోలు తగ్గాను. పొడి ఆపిన మూడు నెలల్లో ఆరు కిలోలు పెరిగాను. ఆ డబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది, ఇంక ఇది నా వల్ల కాదన్న ఆలోచన.

డాక్టరు గారు మొదట అడిగింది, "ఎంత తగ్గాలనుకుంటున్నారమ్మా?" అని.

"ఇరవై కిలోలండి."

"ముందు నాలుగు తగ్గండి. ఆ తర్వాత మిగతాది మాట్లాడుకుందాం."

నేను లెక్కల టీచర్ని. నాలుగే ఎందుకో తెలుసుకోకుండా ఊరుకోలేను. 78లో 5 శాతం అంటే దాదాపు నాలుగు. ఆ మాత్రం తగ్గినా రక్తంలో చక్కెర, బీపీ కొంత దిగుతాయని ఆయన చెప్పారు. అమెరికాలో షుగరు రాబోయే స్థితిలో ఉన్నవాళ్ల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. అందులో వాళ్లకి పెట్టిన లక్ష్యం 7 శాతం బరువు, వారానికి 150 నిమిషాల నడక లాంటి శ్రమ, అంతే. ఆ గుంపులో షుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. నేను ఇరవై కిలోలు తగ్గితే తప్ప ఏ లాభమూ లేదని ఇన్నేళ్లూ నమ్మాను. నాలుగు కిలోలకే మా అమ్మ దారిలోంచి పక్కకి జరగొచ్చని తెలిసినప్పుడు, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను.

మొదటి రెండు వారాలు తిండిలో ఏ మార్పూ చెయ్యొద్దన్నారు. రోజూ ఇరవై నిమిషాలు నడవాలి. మాది రాజమండ్రి. పొద్దున్నే అయిదున్నరకి పుష్కర్ ఘాట్ దగ్గర మొదలుపెట్టి, గోదావరి గట్టు వెంట కోటిలింగాల ఘాట్ వైపు నడిచేదాన్ని. మొదటి వారం ఆయాసం. రెండో వారానికి ఇరవై అయిదు నిమిషాలు. చిన్న లక్ష్యమే, కానీ పద్నాలుగు రోజులకి పన్నెండు రోజులు టిక్కు పడింది. నా మీద నాకు నమ్మకం కలిగింది ఆ టిక్కుల వల్లే. ఎందుకంటే బరువు ఎంత తగ్గాలో మన చేతిలో ఉండదు, పొద్దున్నే చెప్పులేసుకుని బయటికి వెళ్లడం మాత్రం మన చేతిలో ఉంటుంది.

తర్వాత నూనె. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకి 2000 కేలరీల పళ్లెంలో నూనె, కొవ్వు 27 గ్రాములు. మా ఇంట్లో నలుగురం. నెలకి లెక్కేస్తే మూడుంపావు కిలోలు, అంటే మూడున్నర లీటర్లు. మేము ఆరు పాకెట్లు వాడుతున్నాం! ఒక్కసారిగా తగ్గించకుండా మొదటి నెల అయిదు, రెండో నెల నుంచి నాలుగు పాకెట్లు అలమరలో పెట్టి, ఒకటో తారీకు దాకా అవే సరిపెట్టాలని అనుకున్నాను.

మా అత్తయ్య ఒప్పుకోలేదు. "వేపుడు లేకుండా అబ్బాయికి ముద్ద దిగదమ్మాయ్" అన్నారు. నిజమే, దిగదు. అందుకని దొండకాయలు, బెండకాయలు ముందు కొంచెం ఉడకబెట్టి, రెండు చెంచాల నూనెలో వేయించి, చివర్లో కొబ్బరికారం చల్లేదాన్ని. నెల తిరిగేసరికి ఆ పని అత్తయ్యే తీసుకున్నారు, నాకంటే బాగా చేశారు. అన్నం మానలేదు. రెండు గరిటెలు తినేది ఒక గరిటెకి తగ్గించి, కూర, పప్పు ఆ మేరకి పెంచాను. రాత్రి పెరుగన్నంలోకి ఆవకాయ వదల్లేకపోయాను, అది అలాగే ఉంది.

తూకం దగ్గర చాలా తప్పులు చేశాను. రోజూ ఎక్కేదాన్ని. ఒకరోజు సాయంత్రం ఫంక్షన్లో అప్పడాలు, ఊరగాయ, పులిహోర తింటే తెల్లారేసరికి 900 గ్రాములు ఎక్కువ చూపించింది. ఆ రోజు స్కూల్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఉప్పు ఎక్కువ తింటే ఒంట్లో నీళ్లు నిలుస్తాయని, అది కొవ్వు కాదని తర్వాత తెలిసింది. అప్పటినుంచి ఆదివారం పొద్దున్నే, ఏమీ తినకముందు ఒక్కసారే చూసుకుంటున్నాను. నాలుగు ఆదివారాల సగటు తీసి, ముందు నాలుగింటి సగటుతో పోల్చుకుంటాను. దాంతోపాటు నెలకోసారి టేపుతో నడుము కొలత. మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువున్నట్టు లెక్క. నాది 96 ఉండేది.

కార్తీక పౌర్ణమి వారంలో 74 చూశాను. నాలుగు కిలోలకి నాలుగు నెలలు పట్టింది. మా ఆయన మంచి నడక బూట్లు కొనిచ్చారు. నడుము 91కి వచ్చింది. పరీక్షలో 5.9 వచ్చింది.

రెండో మజిలీ 70 అనుకున్నాను. కానీ మధ్యలో సంక్రాంతి ఉంది. అరిసెలు, సున్నుండలు, ఆత్రేయపురం పూతరేకులు, మా అత్తయ్య అల్లుళ్లు, మనవలు. మామూలుగా అయితే పండగ వెళ్లగానే ఇంక అయిపోయిందని వదిలేసేదాన్ని. ఈసారి వేరే లక్ష్యం పెట్టుకున్నాను: జనవరి నెలంతా 73 దాటకూడదు. తగ్గనక్కర్లేదు. కనుమ వెళ్లిన ఆదివారం 72.9 ఉంది. బరువు పెరగకుండా ఉండటం కూడా ఒక మజిలీయే అని నేను గట్టిగా అనుకుంటాను, నా పుస్తకంలో దానికి వేరే రంగు గీత కూడా ఉంది.

ఆ తర్వాత ఏడు వారాలు ముల్లు కదల్లేదు. పదో తరగతి పరీక్షల హడావుడి, టెన్షన్, సరిగ్గా నిద్ర లేదు. నడక మాత్రం మానలేదు. డాక్టరు గారి దగ్గరికి వెళ్లి, ఇంక తగ్గేలా లేనండి అన్నాను. ఆయన అప్పుడు చెన్నై అధ్యయనం గురించి చెప్పారు. 2006లో వచ్చింది. అందులో తిండి, శ్రమ మార్చుకున్న మనవాళ్లలో బరువు పెద్దగా తగ్గకపోయినా, షుగరు వచ్చే అవకాశం 28 శాతం పైగా తగ్గిందట. ఇంటికొచ్చి టేపు తీస్తే, బరువు కదలని ఆ ఏడు వారాల్లోనే నడుము రెండు సెంటీమీటర్లు తగ్గి ఉంది. ఆ కొలత చూడకపోయి ఉంటే నాలుగోసారి కూడా వదిలేసేదాన్నే.

అప్పుడు కొన్నాళ్లు కిలోలు పక్కన పెట్టాను. స్కూల్లో రెండో అంతస్తుకి ఆగకుండా ఎక్కాలి, చెయ్యి ఆనించకుండా పీట మీంచి లేవాలి. ఈ రెండే. మెట్లు నెలలో వచ్చాయి, పీటకి రెండు నెలలు పట్టింది. 70 జూన్‌లో వచ్చింది.

ఇరుగుపొరుగు వాళ్లు ఇప్పుడు "ఒంట్లో బాగోలేదా, అలా చిక్కిపోయావ్" అని అడుగుతున్నారు. మొదట్లో కష్టమనిపించింది. ఇప్పుడు షుగరు పరీక్షలో 5.7 వచ్చిందని చెప్తున్నాను, అర్థంకాని వాళ్లకి అమ్మ కాలి సంగతి చెప్తున్నాను. మా వీధిలో ఇద్దరు నాతోపాటు గట్టు మీదకి వస్తున్నారు. వాళ్లలో ఒకావిడకి థైరాయిడ్ ఉంది. ఆవిడ లెక్క వేరు, ఆవిడ డాక్టరు పెట్టిన మొదటి అంకె రెండు కిలోలే.

ఇప్పుడు నేను 67. తర్వాతి అంకె 65. ఆ 58 క్యాలెండరు మీద లేదు.

మొన్న శ్రావణమాసం మొదట్లో ఆ పట్టు జాకెట్టు పట్టుకుని టైలరమ్మ దగ్గరికి వెళ్లాను. వదులైందమ్మా, లోపలికి కుట్టెయ్యి అన్నాను. ఆమె తిరగేసి వేలితో తడిమి చూసింది. "పాత కుట్టు పడిన గుర్తులు ఇంకా ఉన్నాయండీ, వాటి మీదే వేసేస్తాను" అంది.